దెర్కోవిచ్ రంగులను ఎవరు చూస్తున్నారు?

హంగేరీ చిత్రకారుడు ద్యులా దెర్కోవిచ్ గురించి ఎక్కడ చదివినా 'శ్రామికవర్గ చిత్రకారుడు' అన్న మాట ముందే ఎదురవుతుంది. ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది అబద్ధమేమీ కాదు. ఆయన కమ్యూనిస్టే, గీసింది ఎక్కువగా కూలీలనే. కానీ ఆ ముద్ర ఒకసారి పడ్డాక ఆయన రంగు ఎలా వేశాడో చూసే ఓపిక ఎవరికీ ఉండటం లేదు.

1894లో సోంబత్‌హేయ్ అనే ఊళ్లో వడ్రంగి కొడుకుగా పుట్టాడు. తండ్రి దగ్గరే ఉలి పట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి తనంతట తానే వెళ్లి, ఎడమ చేయి చచ్చుబడి, ఊపిరితిత్తులు దెబ్బతిని తిరిగొచ్చాడు. బుడాపెస్ట్‌లో బతుకుతెరువు చూసుకుంటూనే కెర్న్‌ష్టోక్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు.

అలాంటి మనిషి 1928-29లో '1514' అనే ఉడ్‌కట్ల (కొయ్యపలక మీద చెక్కి, సిరా పూసి అచ్చువేసే బొమ్మల) వరుసకు పూనుకున్నాడు. 1514లో తురుష్కుల మీదికని పోగుచేసిన రైతులు తమ ప్రభువుల మీదే తిరగబడ్డారు. వారి నాయకుడు ద్యోర్ద్య దోజాను పట్టుకుని, ఎర్రగా కాల్చిన ఇనుప సింహాసనం మీద కూర్చోబెట్టి, కాలుతున్న కిరీటం పెట్టి చంపారు. ఆ ఏడాదే చట్టం చేసి రైతులను ప్రభువుల భూమికి కట్టేశారు. ఉడ్‌కట్‌లో చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, వదిలేసిన చోటు సిరా పట్టి నల్లబడుతుంది. తప్పు చెక్కితే దిద్దుకునే వీలుండదు. ఆ బొమ్మల్లో కొడవళ్లు పట్టి కదిలే రైతులను చూడండి: చిక్కటి నలుపులోంచి తెల్లటి గీతలు కోసుకుంటూ వస్తాయి. కొయ్య గుణం చిన్నప్పటి నుంచీ తెలిసిన చేయి అది. రాజకీయం ఒక్కటే ఉంటే ఆ గీత రాదు.

ఇక రంగు సంగతి. 1930 తర్వాతి చిత్రాల్లో ఆయన వెండి, బంగారు వన్నె లోహపు రంగులు వాడాడు. ఇల్లు గడవని మనిషి, అద్దె కట్టలేక గదుల నుంచి గెంటివేతకు గురైన మనిషి, పేదల బొమ్మల మీద వెండి పూశాడు! 'ఉత్తర్వు' అనే 1930 నాటి చిత్రంలో తనూ భార్యా అధికారుల కాగితం ముందు నిలబడిపోయి ఉంటారు. అదే ఏడాది వేసిన 'రొట్టె కోసం'లో కార్మికుడు నేల మీద చచ్చి పడి ఉంటాడు. ఈ దుఃఖానికి మెరుపు ఎందుకు? నా మటుకు నాకు అది గౌరవం. ఒకప్పుడు చర్చిల్లో సాధువుల బొమ్మలకు దక్కిన లోహకాంతిని ఆయన కూలీలకు ఇచ్చాడనిపిస్తుంది.

1934లో, నలభై ఏళ్లకే బుడాపెస్ట్‌లో పోయాడు. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ను తన సొంతం చేసుకుంది. 1955లో యువ కళాకారులకు ఆయన పేరిట ఉపకారవేతనం పెట్టింది. మంచిదే. కానీ బతికుండగా గది అద్దెకు దిక్కులేని వాడిని చచ్చాక జెండాగా మార్చి, ఆ జెండా నీడలో బొమ్మను దాచేయడం అన్యాయం. ప్రభుత్వం మారితే జెండాతో పాటు బొమ్మనూ పక్కన పెట్టేవాళ్లు ఉంటారు. 2014లో హంగేరీ జాతీయ గ్యాలరీ ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అలాంటివి ఇంకా జరగాలి, బయటి దేశాల్లోనూ జరగాలి. ఎందుకంటే ఆ వెండి ఫొటోలో బూడిదరంగై పోతుంది; అసలు చిత్రం ముందు నిలబడితే తప్ప దాని వెలుగు తెలియదు.