కాయ తెలిసినవాళ్లు, కెమెరా తెలిసినవాళ్లు

మార్చిలో ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్యతో కలిసి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాను. మా పెదనాన్నగారి అబ్బాయి. ప్రత్తిపాడు దగ్గర నాలుగెకరాల్లో తేజ రకం మిర్చి వేస్తాడు. అమెరికా వచ్చాక సీజన్లో యార్డు చూడడం నాకు అదే మొదటిసారి. గేటు దాటగానే తుమ్ములు మొదలయ్యాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేర్చి ఉన్నాయి, వాటి మధ్య హమాలీలు పరుగు మీద తిరుగుతున్నారు.

బయ్యరు వచ్చి టిక్కీని కత్తితో కోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు లాగాడు. ఒకటి విరిచి చూశాడు. ఇంకోటి చెవి దగ్గర ఊపాడు. గింజ గలగలమంటే కాయ బాగా ఎండినట్టు. రంగు, తొడిమ, తాలు (రంగు పోయిన కాయ) ఎంతుంది, చెమ్మ ఎంతుంది, అన్నీ అర నిమిషంలో తేల్చేశాడు.

అదే కొట్టు దగ్గర ఒక కంపెనీ కుర్రాళ్లు కెమెరా పెట్టె ఒకటి పెట్టి ట్రయల్ చేస్తున్నారు. తట్టలో కాయలు పోస్తే ఏఐ గ్రేడు చెబుతుంది. అన్నయ్య సరదాగా తన కాయలు పోశాడు. నూటికి 62 వచ్చింది. "ఎందుకు తగ్గింది బాబూ?" అని అడిగాడు. ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "మోడల్ అలా చెప్పిందండీ" అన్నాడు. అంతకు మించి తనకీ తెలియదు. రేకుల షెడ్డు కింద ట్యూబులైటు వెలుగులో తీసిన ఫోటో అది. నాకు అనుమానం వచ్చి అవే కాయలు ఎండలోకి తీసుకెళ్లి మళ్లీ తీయించాను. 78 వచ్చింది. కానీ అప్పటికే బయ్యరు 62 వినేశాడు. బేరం అక్కడి నుంచే మొదలైంది. క్వింటాకు ఐదొందలు తక్కువకి సరుకు ఇచ్చి వచ్చాం.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో ఇద్దరు మన దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లే. తప్పు పని మొదలుపెట్టిన తీరులో ఉంది. కెమెరాకి పైరంగు కనిపిస్తుంది. తేజని కొనేది ఘాటు కోసం. రంగు కోసమైతే బాడిగ అనే రకం కొంటారు. ఈ ముక్క యార్డులో ఏ గుమస్తాని అడిగినా చెబుతాడు. ఘాటుని, లోపలి చెమ్మని చూడలేని యంత్రం, రంగుని బట్టి తేజకి మార్కులు వేస్తోంది. ఊళ్లోంచి అమరావతి వైపు నాలుగడుగులు వేస్తే లాం ఫారం. మిరపలో 334 లాంటి రకం పుట్టిన చోటు, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న చోటు. కాయ గురించి తెలిసినవాళ్లందరూ అక్కడున్నారు. "లాం వాళ్లతో మాట్లాడారా?" అని అడిగితే ఆ అబ్బాయి లేదన్నాడు.

బాధ్యత గల ఏఐ, బాధ్యత గల రోబోలు అని మనం ఇక్కడ అమెరికాలో, మన తెలుగు సంఘం సభల్లో చాలా మాట్లాడుకుంటున్నాం. నా దృష్టిలో ఆ బాధ్యత ఎక్కడో పైన రాసుకునే సూత్రాల్లో లేదు. ట్యూబులైటు కింద తీసిన ఫోటోకి ఎవరు జవాబుదారీ అన్న దగ్గర ఉంది. పరిశోధన చేసేవాళ్లు, యంత్రం అమ్మేవాళ్లు మొదటి రోజు నుంచి ఒకచోట కూర్చోకపోతే ఆ ప్రశ్న వేసేవాళ్లే ఉండరు.

ఇందులో మన తెలుగువాళ్లకి దారి చూపిన మనిషి ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. దాని వెనుక వెస్టింగ్‌హౌస్ కంపెనీ నిలబడింది. అలాంటి పొత్తులో ఫ్యాక్టరీ తన నిజమైన చిక్కుల్ని తెస్తుంది, యూనివర్సిటీ వాటి మీద తొందర లేకుండా పనిచేస్తుంది. ఆయన 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1998లో హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ వచ్చినప్పుడూ ప్రభుత్వం, పరిశ్రమ కలిసి నడిపే పద్ధతిలోనే వచ్చింది. గుంటూరు, విజయవాడల మధ్య ఇప్పుడు ఇన్ని యూనివర్సిటీలున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రీలున్నారు, ఏ యంత్రం ఎక్కడ అరుగుతుందో చెయ్యి పెట్టి చెప్పగలరు. వీళ్లందర్నీ కలిపి కూర్చోబెట్టే పని ఒక్కటే మిగిలింది.

శాస్త్రవేత్తలు లేకుండా తొందర పడితే ఏమవుతుందో చెప్పడానికి 2021 చాలు. ఆ ఏడాది చివర్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అంతకుముందు ఇక్కడ మిరపలో కనపడని పురుగు. పువ్వులో చేరి పిందె కట్టనివ్వదు. చాలామంది రైతులు తోటలు పీకేశారు. 2020 దాకా తీసిన ఫోటోలతో నేర్పిన ఫోన్ యాప్ ఏదైనా ఆ పురుగుని గుర్తుపట్టే అవకాశమే లేదు. తనకి తెలిసిన పాత పురుగు పేరే ఏదో చెబుతుంది, రైతు దాని మందు కొని కొడతాడు. ఏటా తోటలోకి వెళ్లి కొత్తగా ఏం వచ్చిందో చూసే శాస్త్రవేత్తలతో సంబంధం తెగిన యంత్రం రెండో ఏడాదికే పాతబడిపోతుంది.

ఎగుమతిలో ఇంకో చిక్కుంది. యూరప్ వాళ్లు ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోరు. కాయ సరిగ్గా ఎండక బూజు పడితే వచ్చే విషం అది. మామూలు కెమెరాకి కనిపించదు. ఏఐ ఫస్ట్ క్వాలిటీ అన్న సరుకు అక్కడ వెనక్కొస్తే నష్టం ఎవరిది? ఒప్పందంలో రాసుకోకపోతే అది తిరిగి తిరిగి రైతు నెత్తి మీదకే వస్తుంది.

రోబోల సంగతి కూడా ఒక మాట. తొడిమలు తీసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. రోజంతా కాయల మధ్య కూర్చుని, సాయంత్రానికి వేళ్లు మండుతుంటే చంటిబిడ్డని ఎత్తుకోవడానికి భయపడతారు. వాళ్ల చేతుల మంట తగ్గించే యంత్రం వస్తే నాకంటే సంతోషించేవాళ్లుండరు. కానీ పక్కన మనిషి ఉండగా తిరిగే యంత్రాన్ని ప్యాంటు, షర్టు, బూట్లతో ఉండే కార్మికుణ్ణి ఊహించుకుని తయారుచేస్తే చాలదు. ఇక్కడ చీర కొంగు ఉంటుంది, గాజులుంటాయి, కింద కూర్చుని చేసే పని ఉంటుంది. బెల్టుకి కొంగు చిక్కుకుంటే ఆపే మీట చేతికందుతుందా? ఆ పని చేసే ఆవిడ ట్రయల్‌లో ఉంటే మొదటి గంటలోనే చెబుతుంది. ఆ రోజుకి ఆమె కూలి కట్టివ్వాలి, అంతే.

మన సంఘం తరఫున మనం చదువుకున్న కాలేజీలకి ల్యాబులు కట్టిస్తున్నాం, యంత్రాలు కొనిస్తున్నాం. మంచి పనే. ఇకనుంచి ఇచ్చే డబ్బుకి కొన్ని షరతులు పెడదామని నా ప్రతిపాదన. కంపెనీతో కలిసి చేసే ఏ ప్రాజెక్టులోనైనా ఫలితాలు, ముఖ్యంగా యంత్రం తప్పు చెప్పిన సందర్భాలు, తెలుగులో బయటపెట్టే హక్కు కాలేజీకి ఉండాలి. కంపెనీ దాన్ని ఆపకూడదు. కనీసం మూడు సీజన్ల కాయలతో పరీక్షించాకే యార్డులో పెట్టాలి. గ్రేడు తగ్గిస్తే ఎందుకు తగ్గిందో రైతుకి తెలుగులో చీటీ రావాలి, మనిషి చేత మళ్లీ చూపించుకునే వీలుండాలి. అది తేలేదాకా ఆ అంకె బయ్యరుకి వినపడకూడదు.

రైతు సరుకు ఫోటోలు ఎవరి సొత్తో కూడా ముందే రాసుకోవాలి. 2023లో వచ్చిన డేటా చట్టం మనుషుల వ్యక్తిగత వివరాలకి సంబంధించింది. రైతు పేరు తీసేసిన కాయల ఫోటోలు దాని కిందికి రావు. లక్షల ఫోటోలతో రేపు కంపెనీ పెద్దదైతే, యార్డుకి, లాంకి, రైతుకి అందులో వాటా ఏమిటన్నది ఈ రోజు కాగితం మీద లేకపోతే రేపు అడిగే దారి ఉండదు.

వచ్చే కార్యవర్గ సమావేశానికి ఈ షరతులు ఒక పేజీలో రాసి తెస్తున్నాను. మనలో రోబోలు, ఏఐ పనిలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, చదివి దిద్దండి. మొన్న ఫోన్లో ఈ సంగతి అన్నయ్యకి చెప్పాను. "సరేరా, పరీక్షకి కాయలు కావాలిగా" అన్నాడు. ఈ ఏటి తేజ రెండు టిక్కీలు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టించాడు.