కాకి ముట్టలేదంటే కోరిక తీరలేదనేనా?

'లోకులు కాకులు' అంటూ ఏడాదంతా ఆడిపోసుకుంటాం. ఎవరైనా పోయిన పదో రోజున మాత్రం, పెట్టిన పిండం ముట్టాలని అదే కాకి కోసం ఇంటిల్లిపాదీ ఆకాశం కేసి చూస్తూ నిలబడతాం. చట్టమూ తక్కువేం తినలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకిని ఎలుకల సరసన ఐదో షెడ్యూల్లో, అంటే హానికర జీవుల జాబితాలో చేర్చింది. 2022 సవరణతో గానీ ఆ షెడ్యూల్ పోలేదు.

పిండానికీ కాకికీ ముడి ఉత్తరకాండలో ఉంది. మరుత్తుడనే రాజు చేస్తున్న యాగానికి రావణుడు వచ్చిపడితే యముడు కాకి రూపంలో దాక్కున్నాడు. గండం గడిచాక, కాకి తింటే తన లోకంలో ఆకలితో ఉన్నవాళ్లు తృప్తి పడతారని వరమిచ్చాడు. కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయినట్టేనన్నది జనం తర్వాత అల్లుకున్న మాట. ఆ మాటతోనే అప్పటికే ఏడ్చి అలసిన కొడుకూ కోడలూ అందరి ముందూ దోషులవుతారు.

అసలు సంగతి కాకి తీరులో ఉంది. మెడ బూడిదరంగుగా ఉండే ఊరకాకి మనుషుల మధ్యే బతుకుతుంది, కానీ కొత్త వస్తువును చూస్తే అనుమానపడుతుంది. తల పక్కకు వాల్చి ఒక కంటితో చూస్తుంది, రెండడుగులు గెంతుతుంది, వెనక్కి తగ్గుతుంది. దానికి ఒకే కన్నుందని జనం అనుకోవడానికి, రాముడి అస్త్రానికి ఒక కన్ను పోగొట్టుకున్న కాకాసురుడి కథ ఎంత కారణమో ఈ వాలుచూపూ అంతే కారణం. అలాంటి పక్షి ముందు ఇరవై మంది గుమిగూడి 'కావు కావు' అని అరిస్తే ఎలా దిగుతుంది? పైగా కర్మ ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది, ఎండకు కాకులు చెట్లలో చేరతాయి. పిండాన్ని గోడ మీదో బండ మీదో నలువైపులా కనిపించేలా పెట్టి, అందరూ దూరంగా జరిగి, మాటలు ఆపితే చాలావరకు వస్తాయి. వీలైతే పొద్దున్నే పెట్టాలి. రాకపోతే ఆవుకు పెట్టడమో, నీళ్లలో కలపడమో ఎలాగూ ఉంది. పోయినాయన మీద నింద వేయనక్కర్లేదు.

కాకి తల మీద తన్నితే శని పట్టిందనడమూ ఇలాంటిదే. ఈ తన్నులు ఎక్కువగా ఎండాకాలం నుంచి తొలకరి దాకా, అవి పిల్లల్ని సాకే రోజుల్లోనే పడతాయి. గూడు ఏ చెట్టు మీదుందో, పిల్ల కింద పడిందేమో చూసుకుని, కొన్నాళ్లు దారి మార్చండి, లేదా గొడుగు వేసుకోండి. కాకులకు మనిషి ముఖం గుర్తుంటుంది కాబట్టి రాళ్లు విసరొద్దు. పిల్లలు గుడ్లు పగిలాక నాలుగు వారాలకల్లా ఎగిరిపోతాయి. తైలాభిషేకం చేయించినా, చేయించకపోయినా.