విమానం గంటన్నరే అయితే మధ్యలో నేనెక్కడున్నాను?

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయి ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నీలం గీత, కింద ‘900 కి.మీ., 1 గంట 38 నిమిషాలు’. దానికి తోడు ఓ ప్రశ్న: "ఏరా, పొద్దున 5 గంటలకి బయల్దేరానన్నావు, ఒంటిగంట దాటాక దిగావు. మధ్యలో ఎక్కడ తిరిగావు?" అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ 38 నిమిషాలు ఎలా వచ్చాయో ఒక్కరైనా ఆలోచించారా? రెండు ఊళ్ల మధ్య విమాన దూరం, సమయం చూపించే ఇలాంటి సైట్లలో చాలావాటి లెక్క ఒకటే. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఓ అరగంట కలిపేస్తాయి. మీరే చేసి చూడండి, సరిగ్గా అదే వస్తుంది. ఆ దూరం కూడా గ్లోబు మీద దారం బిగించి పట్టుకుని కొలిచినట్టుంటుంది. విమానం ఆ దారం వెంట పోదు. ఏటీసీ, అంటే కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోల్ వాళ్లు, చెప్పిన దారిలో, మిలిటరీ వాళ్ల గగనతలాన్ని, మబ్బుల్ని తప్పించుకుంటూ పోతుంది.

లండన్, న్యూయార్క్ మధ్య ఎటు నుంచి ఎటు కొలిచినా దాదాపు 5,500 కిలోమీటర్లే. కానీ న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి కాబట్టి లండన్ వచ్చేటప్పటికన్నా సుమారు గంట ఎక్కువ పడుతుంది. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా 13 గంటల దాకా పోయింది. ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి కదా! నీలం గీత కూడా అలాగే ఉంది.

ఇక నా సంగతి. ఎయిర్‌పోర్టుకి గంటన్నర. బ్యాగు కౌంటర్ గంట ముందే మూసేస్తారని ఆ టెన్షన్ ఒకటి, ఆ తర్వాత సెక్యూరిటీ క్యూ. తొమ్మిదింటికి గేటు నుంచి కదిలిన విమానం రన్‌వే దగ్గర 25 నిమిషాలు ఆగింది. అక్కడికి చేరాక దిగడానికి ఖాళీ లేదని గాల్లోనే తిప్పారు. కిటికీలోంచి ఒకే చెరువుని మూడుసార్లు చూశాను, గట్టు మీద తెల్ల గుడితో సహా. దిగాక బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడి, మళ్లీ గంట రోడ్డు మీద. ఎక్కడ తిరిగానంటే అక్కడే తిరిగాను బాబాయ్!

అయినా నా బాధ ఈరోజుది కాదు. నానమ్మ పోయిన రోజు రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. మొదటి విమానం ఆరున్నరకి. అందులో సీటు లేదు. తర్వాతది పదకొండింటికి, అదీ ఆలస్యం. ఆ రోజు కూడా పదిమందిలో ఇదే మాట: "గంటన్నర దూరంలో ఉండి చివరి చూపుకి రాలేకపోయావా?" అప్పుడు నోరెత్తలేదు, ఎత్తే స్థితిలో లేను. నేను కారు దిగేసరికి నానమ్మ మంచం ఎత్తి వరండాలో గోడకి ఆనించేశారు. చుట్టిపెట్టిన పరుపు మీద ఆవిడ కళ్లజోడు ఉంది.

ఆ స్క్రీన్‌షాట్ తీసెయ్ బాబాయ్.