గుడికి తిరిగొచ్చేవాళ్లకు మన ప్రశ్నలే అడ్డం

విజయవాడ దగ్గరి గుణదల మరియమాత పండుగకు ఊరు వెళ్లలేని మన తెలుగు కతోలికులు ఫిబ్రవరిలో ఇక్కడ అమెరికాలోనే తెలుగులో పూజ (మాస్) పెట్టించుకుంటారు. ఏళ్ల తరబడి గుడి ముఖం చూడనివాళ్లు కూడా ఆ రోజు వస్తారు. పాటలన్నీ నోటికొచ్చు, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) అందుకునే వేళకు మాత్రం లేవరు. భోజనాల దగ్గర మనం అడిగే మొదటి మాట "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారండీ?" రెండోది పెళ్లి సంగతి. మళ్లీ ఏడాది దాకా వాళ్లు కనపడరు.

ఈ అలవాటు మానాలి. తిరిగి రావాలనుకున్న మనిషిని శ్రీసభ, అంటే కతోలిక చర్చి, అడిగేది మనం భయపెట్టినంత లేదు.

పాపసంకీర్తనం, అంటే గురువుగారి (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అంటేనే చాలామందికి గుండె దడ. ప్రార్థనలు మర్చిపోయాం, ఏం చెప్పాలో తెలియదు అంటారు. గురువుగారితో ఆ మాటే చెబితే చాలు, మిగతాది ఆయనే నడిపిస్తారు. విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు. కావాలని బయటపెడితే ఆయనకే శ్రీసభ బహిష్కారం.

అంతకన్నా పెద్ద టెన్షన్ పెళ్లి. రిజిస్టర్ ఆఫీసులోనో కల్యాణమండపంలోనో పెళ్లయింది కాబట్టి ఇక గుడిలో చోటు లేదని నమ్మేసిన ఆడపిల్లలు నాకు తెలుసు. ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇన్నేళ్లు దూరంగా ఉండేవారు కాదు. ఇద్దరికీ అదే మొదటి పెళ్లయితే, బిషప్ గారి అనుమతితో దాన్ని గుడిలో సరిచేసుకోవచ్చు. హిందువైన భర్త హిందువుగానే ఉండొచ్చు. పిల్లల్ని కతోలికులుగా పెంచడానికి తన వంతు ప్రయత్నం చేస్తానని భార్య మాటిస్తుంది, ఆ సంగతి భర్తకు తెలియాలి. అంతే. ముందు పెళ్లి, విడాకులు ఉన్నవాళ్ల విషయం వేరు. అది మేత్రాసన (బిషప్ గారి పరిధిలోని) న్యాయస్థానానికి వెళ్తుంది, టైం పడుతుంది. అయినా వాళ్లూ ప్రతి ఆదివారం పూజకు రావచ్చు, రావాలి.

జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ పోయిందని ఆగిపోయేవాళ్లున్నారు. ఫిరంగిపురమైనా ఇంకే ఊరైనా, జ్ఞానస్నానం జరిగిన విచారణ (పారిష్) పుస్తకంలో పేరు ఉంటుంది, రాసి తెప్పించుకోవచ్చు. పుస్తకమే దొరకకపోతే, చూసిన నమ్మకస్తుడు ఒక్కరు చెప్పినా చెల్లుతుంది.

మతం మారి కొత్తగా వచ్చేవాళ్ల మీద మనకుండే అనుమానం మరీ బాధాకరం. "మతంలో ఎప్పుడు కలిశారు, మీకేం ఇచ్చారు?" అని అడుగుతాం. దళితుడు క్రైస్తవుడైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. లాభం కోసం మారారనేవాళ్లు ముందు ఆ నష్టం సంగతి చూడాలి. ఆ భయంతోనే కాగితాల మీద ఒక మతం, ఇంట్లో ఒక మతంగా పెరిగినవాళ్లు మనలో ఉన్నారు. అమెరికా వచ్చాక గానీ నోరు విప్పి చెప్పుకోలేకపోయారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ పదవికి ఎదిగిన తొలి దళితుడని అందరం గర్వంగా చెప్పుకున్నాం. ఆ గర్వం భోజనాల బల్ల దగ్గర కూడా కనపడాలి.

పెద్దయ్యాక కతోలికులవ్వడం ఒక్కరోజు పని కాదు. ఇక్కడి విచారణల్లో సాధారణంగా వేసవి సెలవుల తర్వాత సత్యోపదేశం (విశ్వాసం గురించిన పాఠాలు) మొదలవుతుంది. నెలల తరబడి నేర్చుకుని, పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు) రాత్రి జ్ఞానస్నానం పొందుతారు. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం)లోనో లూథరన్ సంఘంలోనో పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట నీళ్లతో బాప్తిస్మం అయినవాళ్లకు మళ్లీ ఇవ్వరు. పాత బాప్తిస్మాన్ని శ్రీసభే గౌరవిస్తుంటే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకెక్కడిది?

అలాగే, వచ్చిన మొదటి నెలలోనే వాళ్ల చేతికి మైకిచ్చి తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమనొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. ఈసారి తెలుగు పూజకు ముందు ఒక గంట, తెలుగు వచ్చిన గురువుగారిని పాపసంకీర్తనాలకు కూర్చోమని అడుగుదాం. పెళ్లి, కాగితాల సంగతి తెలిసినవాళ్ల ఫోన్ నంబరు ఒకటి నోటీసు బోర్డు మీద పెడదాం.