సవరణ: ఎరెబస్ ప్రమాదంలో తప్పు కెప్టెన్‌ది కాదు

పోయిన వారం గన్నవరం ఎయిర్‌పోర్టు గురించి రాస్తూ, 1979 నవంబరు 28న అంటార్కిటికాలో ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఎరెబస్ పర్వతాన్ని ఢీకొని 257 మంది చనిపోయింది కెప్టెన్ దారి తప్పడం వల్లేనని రాశాను. అది తప్పు. గుంటూరు నుంచి ఒక మాస్టారు ఫోన్ చేసి, "పోయినవాళ్ల మీద నింద వేసేముందు రెండో నివేదిక కూడా చదవాలి కదమ్మా" అన్నారు. చదివాను.

నేను నమ్మింది 1980లో వచ్చిన మొదటి నివేదికను. 1981లో జస్టిస్ పీటర్ మహోన్ కమిషన్ వేరే సంగతి తేల్చింది. కెప్టెన్ జిమ్ కాలిన్స్ ముందురోజు రాత్రి ఇంట్లో మ్యాపులు పరుచుకుని, ప్రయాణానికి ముందు జరిగిన బ్రీఫింగ్‌లో తమకు చూపించిన దారిని గీసుకున్నారు. ఆ దారి మెక్‌మర్డో సౌండ్ అనే సముద్రపు పాయ మీదుగా, అంటే చదునైన మంచు మీదుగా వెళ్తుంది. తెల్లవారేలోగా విమాన సంస్థ కంప్యూటర్‌లో ఆ దారిని సూచించే అంకెలు (అక్షాంశ రేఖాంశాలు) మారిపోయాయి. కొత్త దారి నేరుగా పర్వతం మీదికి. సిబ్బందికి ఎవరూ చెప్పలేదు. పైన మబ్బు, కింద మంచు, అంతా ఒకే తెలుపు. ఎదురుగా ఉన్న కొండ కళ్లకు ఆనలేదు.

మరి తక్కువ ఎత్తులో ఎగిరారు కదా అని కొందరు అడుగుతారు. తాము సౌండ్ మీదే ఉన్నామని వాళ్లు నమ్మారు, నమ్మడానికి కారణమూ ఉంది. 2019లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పింది.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. కెప్టెన్ కాలిన్స్ గురించి అలా రాసినందుకు మనస్ఫూర్తిగా బాధపడుతున్నాను.