బెదిరిన కుక్కను లొంగదీయమనే సందేశానికి జవాబు

షెల్టర్ నుంచి జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్ వంటి కుక్కను దత్తత తెచ్చుకునేవారికి జాగ్రత్తలు చెబుతున్నానంటూ ఒక సందేశం విశాఖపట్నం వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా తిరుగుతోంది. అపార్టుమెంటు గ్రూపులో వచ్చింది, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే మిత్రులు పంపారు, మా ఇంట్లో కుక్క ఉందని తెలిసిన బంధువులు ఇప్పటికీ పంపుతూనే ఉన్నారు. షెల్టర్‌కు చేరిన జాతి కుక్క ఎవరినో కరిచే ఉంటుందని, వయసు వచ్చిన కుక్క కొత్త మనుషులకు అలవాటు పడదని, ఇలాంటి జాతులు ఫ్లాట్లలో బతకవని, ఉంచితే రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తించాలని, నల్ల కుక్క ఇంటికి అరిష్టమని, భయం వదలాలంటే మొదటి రోజే జనంలో తిప్పాలని, గుర్రుమంటే వెల్లకిలా పడేసి లొంగేదాకా నొక్కి పట్టాలని, చివరకు ఇది అందరి ఇళ్లకూ సరిపడే కుక్క కాదని అందులో రాశారు. పంపేవారి ఉద్దేశం మంచిదే. కానీ దీన్ని నమ్మి పాటించిన ఇంట్లో ఎవరో ఒకరు కాటుకు గురవుతారు, ఆ నేరం మాత్రం కుక్క మీద పడుతుంది.

అరిష్టం సంగతికి ఒక్క వాక్యం చాలు: కాలభైరవుని వాహనం ఏమిటో ఇంట్లో పెద్దవారిని అడగండి. వయసు వచ్చిన కుక్క అలవాటు పడదన్నది కూడా నిజం కాదు. పోలీసు, సైనిక దళాల్లో ఒకరి చేతి కింద పనిచేసిన కుక్క, ఆయన బదిలీ అయితే మరొకరితో పనిచేయడం మామూలే.

కరిచినందుకే షెల్టర్‌కు వచ్చిందనే మాటను అంత తేలికగా వదలలేను. విశాఖ బదిలీల ఊరు. నౌకాదళంలోనో, పోర్టులోనో, స్టీల్ ప్లాంటులోనో పనిచేసే కుటుంబానికి బదిలీ వస్తుంది. సొంత ఇల్లు అమ్మి ఫ్లాటుకు మారతారు. యజమాని చనిపోతాడు. ముద్దుగా కొన్న కూన ఏడాదిన్నరలో ముప్పై అయిదు కిలోలకు పెరుగుతుంది. గొలుసు విప్పి రోడ్డు మీద వదిలేసేవారూ ఉన్నారు, అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఈ కారణాల్లో ఏ ఒక్కటీ కుక్క చేసిన తప్పు కాదు.

ఫ్లాటు విషయంలో సందేశం అడుగుతున్నది రోజుకు పది కిలోమీటర్ల పరుగు. జర్మన్ షెపర్డ్‌ను 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఒక జాతిగా స్థిరపరచినది గొర్రెల మందను రోజంతా కనిపెట్టుకుని ఉండే పనికోసం. చిన్న కదలికను సైతం పసిగట్టడం దాని రక్తంలోనే ఉంది. అలాంటి కుక్క భయపడినప్పుడు లిఫ్టు తలుపు, మెట్ల మీది అడుగు, వాచ్‌మన్ కుర్చీ జరిపిన చప్పుడు అన్నీ దానికి కాపలా కాయవలసిన విషయాలే అవుతాయి. కాళ్లను అలసగొట్టినంత మాత్రాన ఆ తల విశ్రాంతి తీసుకోదు. పాత తువ్వాలు మడతల్లో చికెన్ ముక్కలు దాచి వెతకమంటే, నడకలో ఆగిన ప్రతిచోటా తీరికగా వాసన చూడనిస్తే అంతకంటే మేలు జరుగుతుంది. పైగా కుక్క ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని వదులుకుంటుంది, మన సముద్రపు గాలిలోని తేమ ఆ పనికి అడ్డుపడుతుంది. ఎండ ఎక్కాక రుషికొండ రోడ్డు మీద దాన్ని పరిగెత్తించడం ప్రాణాపాయం.

ఇక జనంలో తిప్పమన్న సలహా. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ ఎలా ఉంటుందో మనకు తెలుసు: గుర్రాలు, హారన్లు, బుడగలు పట్టుకుని పరిగెత్తే పిల్లలు. నిన్నటిదాకా షెల్టర్ గదిలో మూలకు ఒదిగి పడుకున్న జీవిని అక్కడికి లాక్కెళ్తే కాసేపటికి అది కదలకుండా నిలబడిపోతుంది. చూసినవారు భయం పోయిందనుకుంటారు. నిజానికి అది తప్పించుకునే దారి లేక బిగుసుకుపోయింది. దారి దొరికితే వెనక్కి జరిగి మెడపట్టీలోంచి తల లాగేసుకుని వాహనాల మధ్యకు పారిపోతుంది. అందుకే మొదటి నెలల్లో మెడపట్టీకి ఒకటి, ఛాతీ పట్టీకి ఒకటి రెండు తాళ్లు వేయాలి. విశాఖ తీరంలో నౌకాదళ విన్యాసాలు జరిగే రోజుల ముందు తెచ్చుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ విన్యాసాల రిహార్సళ్లలో యుద్ధ విమానాలు తీరం మీదుగా ఎంత కిందుగా వెళ్తాయో పాండురంగాపురం, చిన వాల్తేరు వాసులకు చెప్పనక్కరలేదు. ఆ రోజులకు కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ చప్పుడు ఉండే లోపలి గదిని సిద్ధం చేయాలి, పశువైద్యుణ్ణి ముందే కలవాలి. ఎసిప్రోమజీన్ వంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు గానీ లోపలి భయం అలాగే ఉంటుంది, కనుక మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు.

నాకు నిజంగా కోపం తెప్పించింది నొక్కి పట్టమన్న సలహా. తోడేళ్ల గుంపులో నాయకుడు ఇలాగే చేస్తాడట, కనుక మనమూ చేయాలట. ఆ ఊహకు మూలం 1947లో జంతు శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశీలన. ఆయన చూసినవి జంతుప్రదర్శనశాలలో ఒకచోట బంధించిన తోడేళ్లు. 1970లో తన పుస్తకంతో ఆ భావాన్ని ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ తర్వాత అడవిలో ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే తల్లిదండ్రులు, వాటి పిల్లలు మాత్రమేనని 1999లో రాశారు. ఆ పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తలను కోరుతూ వచ్చారు. చెప్పిన మనిషే వెనక్కి తీసుకున్న మాటను మన గ్రూపులు ఇంకా ఎందుకు మోస్తున్నాయి?

కుక్క గుర్రుమనే ముందు చాలా చెబుతుంది. ముఖం తిప్పుకుంటుంది, పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తుంది, తోక ముడుస్తుంది, బిగుసుకుపోతుంది. ఇవేవీ మనం పట్టించుకోనప్పుడే గుర్రుమంటుంది. అది మనకు ఇచ్చే హెచ్చరిక. గుర్రుమన్నప్పుడల్లా కొడితే, కింద పడేసి మోకాలితో అదిమితే, భయం తగ్గదు, హెచ్చరించడం మాత్రం మానేస్తుంది. ఆ తర్వాత ఒకనాడు నాలుగేళ్ల పిల్ల దాని మెడను కౌగిలించుకుంటుంది, పిల్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది, అందరూ "ఉన్నట్టుండి కరిచింది" అంటారు. ఉన్నట్టుండి కాదు, మీరు దాని నోరు ముందే నొక్కేశారు. ఈ సందేశాన్ని పంపే ముందు ఆ పిల్ల మీ ఇంటి పిల్ల అనుకుని ఒక్కసారి చదవండి. గుర్రుమంటే చేయవలసినది దూరం జరగడం, దేనికి బెదిరిందో గమనించడం, ఆ తర్వాత అదే వస్తువునో మనిషినో అది బెదరనంత దూరంలో చూపించి, కనిపించిన వెంటనే ఇష్టమైన తిండి ఇవ్వడం. మనిషి ముందు కనిపించాలి, తిండి తర్వాత రావాలి. కొత్త కుక్కను చూడటానికి చుట్టాలను పిలవడం, వచ్చినవారల్లా తల నిమరడం కొన్ని వారాలు ఆగాలి. ముట్టుకుంటే గుర్రుమనే షెపర్డ్‌కు తుంటి నొప్పి ఉండవచ్చు, చెవిలో పుండు ఉండవచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉండవచ్చు; ముందు వైద్యుడికి చూపించండి.

సందేశంలోని చివరి మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇది అందరి ఇళ్లకూ సరిపడే కుక్క కాదు. ప్రేమ ఉంటే చాలని రాసే దత్తత ప్రకటనలు కూడా ఈ సందేశం చేసినంత హానీ చేస్తున్నాయి. కూనకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా మనుషులు, చప్పుళ్లు పరిచయం కాకపోతే, ఆ లోటు జీవితాంతం కొంత మిగిలే ఉంటుంది. పసిపిల్లలున్న ఇల్లు, పొద్దస్తమానం వచ్చిపోయేవారున్న ఇల్లు, రోజంతా తాళం వేసి ఉండే ఇల్లు దానికి పనికిరావు. ప్రయత్నించాక సరిపడలేదని తిరిగి షెల్టర్‌కు అప్పగించినవారిని నిందించకూడదు.

కాబట్టి వెళ్లేవారు షెల్టర్‌లో సూటిగా అడగండి: ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఏ పరిస్థితిలో, ఏ చప్పుడుకు బెదురుతుంది, తిండి గిన్నె దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది, రేబిస్ టీకా ఎప్పుడు వేశారు. జవాబులు అక్కడివారి దగ్గర లేకపోతే ఆ రోజే తెచ్చుకోకుండా వేర్వేరు వేళల్లో మళ్లీ వెళ్లి, దాని గది బయట కాసేపు పక్కకు తిరిగి కూర్చుని చూడండి.