కంప్యూటర్లో కాపురముంటున్న సోలార్ ప్యానెల్ గారికి

మహారాజశ్రీ ప్యానెల్ గారి సముఖమునకు,

మిమ్మల్ని మా అపార్టుమెంటు కంప్యూటర్ మోడల్లోకి ఎక్కించినవాడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. నిజానికి ఇక్కడ కుశలం అంతంతమాత్రమే గానీ, అక్కడ మీకే లోటూ ఉండదని నాకు తెలుసు. ఏడాదికి 8,760 గంటలు, ఒక్క గంటా నాగా పెట్టరు. మీ మీద దుమ్ము పడదు, పావురం వాలదు, ఇన్వర్టర్ ఫ్యూజు కొట్టేయదు.

మీ పుట్టుక సంగతి చెప్తాను, ఏమనుకోకండి. భవనం ఎంత కరెంటు వాడుతుందో కంప్యూటర్లో అంచనా కట్టే ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాంలో మిమ్మల్ని లెక్కగట్టడానికి దారులు చాలానే ఉన్నాయి. ఒక దారిలో పోతే మీ వోల్టేజీ ఎంత, కరెంటు ఎంత, వేడెక్కితే ఎంత తగ్గుతారు అని జాతకమంతా అడుగుతుంది. ఇంకో దారిలో సామర్థ్యం ఎంతో, అంటే పడిన ఎండలో ఎంత వాటా కరెంటవుతుందో, ఒక్క అంకె చెబితే చాలు. మర్నాడు పొద్దున్నే రిపోర్టు ఇవ్వాల్సినవాడు రాత్రి పదింటికి ఏ దారి పడతాడో మీరే ఊహించుకోండి. 0.20 అని కొట్టాను. కప్పులో ఎంత భాగం మీద సెల్స్ (ఎండని కరెంటు చేసే బిళ్లలు) ఉంటాయని పక్క గడి అడిగితే, వెనకాముందూ చూడకుండా 1 అని కొట్టాను.

అంతే! 500 చదరపు మీటర్ల డాబా అంతా మీరే అయిపోయారు. నిండు ఎండలో 100 కిలోవాట్లు. లిఫ్టు గది లేదు, నీళ్ల ట్యాంకు లేదు, ఏసీ యూనిట్లు లేవు. మిమ్మల్ని కడగడానికి వచ్చే మనిషి కాలు పెట్టుకోవడానికి జానెడు జాగా కూడా లేదు. ఆర్కిటెక్టు డ్రాయింగు పక్కన పెట్టి చూస్తే మీకు దక్కేది 0.6 మాత్రమే. నా ఒక్క అంకెకి 40 కిలోవాట్లు గాల్లోంచి పుట్టాయన్నమాట. ఇంత చవగ్గా కరెంటు తీసినవాడు ఇంతవరకూ ఎవడూ లేడనుకుంటాను.

ఇక మీ ఒంటి వేడి. మీకు రాసిన సామర్థ్యం, సెల్ 25 డిగ్రీల దగ్గర, చదరపు మీటరుకి 1,000 వాట్ల ఎండ పడుతున్నప్పటిది. ఆ రెండూ ఏ డాబా మీద కలుస్తాయో గానీ, అంత ఎండలో నల్లటి పలక చల్లగా కూర్చోదు. 60 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున 14 శాతం పోయినట్టే. మీకు మాత్రం చెమటైనా పట్టదు, ఎందుకంటే నేను రాసిన 0.20 ఏ ఎండకైనా 0.20యే. (సోలార్ ఎంత ఇస్తుందో అంచనా కట్టే పీవీవాట్స్ అనే లెక్కలో నష్టాల కింద ముందే 14 శాతం కోసేస్తారు. అందులో దుమ్ముకి 2, నీడకి 3, తీగలకి 2 ఇలా వాటాలుంటాయి. ఆ 14 వేరు, ఈ 14 వేరు. ఒకసారి కోశాం కదా అని రెండోది వదిలేసిన పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి.)

నీడ దగ్గర మీ ఉదారత చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలి. పదో వంతు మీద నీడ పడితే, నేరుగా పడే ఎండలో పదో వంతు మాత్రం తగ్గించుకుని మిగతాది బుద్ధిగా ఇచ్చేస్తారు. బయట డాబా మీదుండే మీ అన్నగారు అలాంటివారు కాదు. ఆయన సెల్స్ అన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి, ముందున్నవాడు ఆగితే క్యూ అంతా ఆగిపోయినట్టు. లిఫ్టు గది నీడ ఒక్క మూల మీద పడితే చాలు, పడినదానికంటే ఎక్కువే పోతుంది. ఆ గండం కాస్త గడవడానికే, నీడ పడ్డ సెల్స్‌ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు పెడతారు.

ఇంకో విచిత్రం. మీరు పైన ఉన్నారని కింద కప్పుకే తెలియదు! డీకపుల్డ్ అని ఎంచుకున్నాను కదా, మీ దారి మీది, దాని దారి దానిది. మీరు ఎండనంతా తాగేస్తుంటే, అదే ఎండ మళ్లీ కప్పు మీదా పడి కింది గదుల్ని కాలుస్తోంది. ఇది మాత్రం మీ పొగడ్త కాదు, మీకు జరిగిన అన్యాయం. మీరిచ్చే నీడకి నేను లెక్కే కట్టలేదు.

అసలు సంగతికొస్తాను. మీ పుణ్యమా అని మా అపార్టుమెంటు నెట్ జీరో అయింది. ఏడాదంతా వాడినదాంట్లోంచి మీరిచ్చినది తీసేస్తే సున్నా. మా పెద్దసారు ఆ సున్నాని రిపోర్టు అట్ట మీద ఆకుపచ్చ రంగులో వేయించారు. నేనే, ఊరుకోలేక, గంటగంట పట్టిక తెరిచాను. ఒకానొక రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మీరు 80 యూనిట్లు పోస్తున్నారు, ఇళ్లలో ఎవరూ లేరు, వాడింది 19. మిగతా 61 గ్రిడ్డు నెత్తిన. రాత్రి ఏడింటికి అందరూ ఇల్లు చేరారు, ఏసీలు ఆన్, లిఫ్టులకి విరామం లేదు, కావాల్సింది 41. మీ దగ్గర్నుంచి ఒక్క యూనిట్టు లేదు. పగలు అడగనివాడికి అప్పిచ్చి, రాత్రి వాడి గుమ్మం ముందే నిలబడి అడుక్కుంటున్నాం. ఏడాది చివర కూడితే ఇద్దరం చెల్లుకి చెల్లు. ఈ లెక్క గ్రిడ్డు వాళ్లకి చూపిస్తే ఏమంటారో మరి.

పైగా ఆ గంటలు కూడా నిజం గంటలు కావు. మోడల్‌కి గంటగంటకీ ఎండావానా చెప్పే వెదర్ ఫైల్ అనేది ఒక ఏడాది జనవరిని, ఇంకో ఏడాది ఫిబ్రవరిని తెచ్చి కుట్టిన బొంత. అందులో ఐదు నిమిషాల మబ్బు గంట సగటులో కరిగిపోతుంది. బ్యాటరీ పెడదామా అంటే, మోడల్లో దానికీ సులువు దారే పడితే అది మీకంటే సాధువు, ఎన్నేళ్లయినా ముసలిదవదు.

కాబట్టి ఈ పూట 1 తీసేసి 0.6 పెట్టాను, వేడికి తగ్గే లెక్కకి మార్చాను. రన్ అయిపోయింది. ప్రోగ్రాం పెద్ద తప్పని అరిచే సివియర్ ఎరర్ ఒక్కటీ లేదు, ఆకుపచ్చ సున్నా కూడా లేదు. రేపు పొద్దున పెద్దసారుకి ఏం చెప్పాలో మీరే సెలవివ్వండి.

ఇట్లు,
తమరికి 0.20 రాసిపెట్టినవాడు

తా.క.: రాత్రి రెండింటికి మీరు సున్నా యూనిట్లు ఇస్తున్నట్టు పట్టికలో చూశాను. ఆ ఒక్క గడిలో మాత్రం మీకూ మీ అన్నగారికీ వెంట్రుకవాసి తేడా లేదు.